చలి ఊళ్ళకు చద్దర్లు నేసే ఊరు

ఏప్రిల్ సగం దాటిందంటే మా షోలాపూర్ తూర్పు పేటల్లో మాటలన్నీ కొండలెక్కుతాయి. అశోక్ చౌక్‌లో చాయ్ తాగుతూ ఒకాయన మహాబలేశ్వరం అంటాడు. సాఖర్ పేటలో అరుగు మీద చేరిన నలుగురిలో ఒకరు పంచగని పేరెత్తుతారు. కుర్రవాళ్ళు ఫోను తీసి మనాలి మంచు చూపిస్తారు. నాలుగు రోజులు ఉండి వద్దామన్న మాట కాదది. వెళ్ళి అక్కడే ఉండిపోవాలన్న మాట. బయట 43 డిగ్రీల ఎండ, నెత్తిన రేకుల కప్పు, గోడ అవతల ఆగకుండా ఆడే మరమగ్గాలు, మా మాటలో సాంచాలు. వీటి మధ్య పుట్టే ఆ కోరికను "పని లేనివాళ్ళ సరదా" అని కొట్టిపారేసే పెద్దమనుషులు మాలో ఉన్నారు. నేను ఒప్పుకోను. పని ఎక్కువైన ఒంట్లోంచి వచ్చే కోరిక అది.

ఆ ఒళ్ళు ఎలాంటిదో చెప్పాలి. మా బాపు ఒక మిల్లులో ఏళ్ళ తరబడి నేత పని చేశాడు. ఇంటికొచ్చాక ఆయనతో మాట్లాడాలంటే ఎదురుగా వెళ్ళి నిలబడాలి. వెనక నుంచి పిలిస్తే పలికేవాడు కాదు, వినబడేది కాదు గనక. మరమగ్గాల షెడ్డులో మోత 90 డెసిబెల్స్ దాటుతుంది. ఎనిమిది గంటల పనికి మన ఫ్యాక్టరీ నిబంధనలు పెట్టిన పై హద్దే 90. అందుకే నేతగాళ్ళు పెదవుల కదలిక చూసి మాట అందుకుంటారు, చేతులతో జవాబిస్తారు. పోగు తెగింది, కండె అయిపోయింది, మేస్త్రీ జాబర్‌ను పిలువు, చాయ్ వచ్చింది... అన్నీ సైగలే. పాళీ (షిఫ్టు) దిగి బయటికి వచ్చేసరికి కనుబొమల మీద, ముక్కుపుటాల అంచున తెల్లటి నూలు ధూళి పేరుకుని ఉంటుంది. వారం సెలవు గడిచి పనిలోకి దిగిన మొదటి రోజు ఛాతీ బిగబట్టినట్టు ఉంటుంది, రెండో రోజుకు కాస్త సడలుతుంది. డాక్టర్లు దీన్ని బిసినోసిస్ అంటారు. ఒకప్పుడు ఇంగ్లండులో లాంకషైర్ మిల్లుల కార్మికులు పడిన బాధ కూడా ఇదే. పత్తి ధూళి ఏ దేశంలోనైనా ఊపిరితిత్తులకు చేసేది ఒకటే.

ఇక ఇంట్లో ఆడవాళ్ళ సంగతి. ఒళ్ళో చాట, చాటలో తునికాకు, కత్తెర, తంబాకు. పొద్దున్నే గడపలో కూర్చుంటే వెయ్యి బీడీల లెక్క పూర్తయ్యేదాకా మెడ ఎత్తేది లేదు. మా అమ్మ వేళ్ళ కొసలు ఎప్పుడూ నల్లగానే ఉండేవి. ఆ ఘాటు మా చిన్నప్పటి దుప్పట్లలో, అన్నం గిన్నెల్లో, పుస్తకాల్లో ఉండేది. అలాంటి ఇంట్లో పెరిగినవాడు పచ్చని లోయ బొమ్మ చూసి, ఇక్కడ ఊపిరి పీల్చుకుంటే ఎలా ఉంటుందో అనుకుంటే అందులో విడ్డూరం ఏముంది?

నిజానికి కొండ గాలిని ఒకప్పుడు డాక్టర్లే రాసిచ్చేవారు. క్షయకు మందు లేని రోజుల్లో పంచగని, మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం, వికారాబాద్ పక్కన అనంతగిరి, అన్నీ ఛాతీ రోగులకు శానిటోరియాలు వెలిసిన చోట్లే. షోలాపూర్ నుంచి హైదరాబాద్ వెళ్ళే రైలు వికారాబాద్ మీదుగానే పోతుంది. ఆ స్టేషన్ దగ్గరపడగానే మా పెద్దవాళ్ళు కిటికీలోంచి గుట్టల వైపు చెయ్యి చూపించి "ఆడ దవాఖాన ఉన్నది, ఊపిరి రోగానికి మంచిది" అనేవారు. చుట్టాల్లో ఎవరెవరు అక్కడ ఎన్నాళ్ళు ఉన్నారో, ఎవరు తిరిగొచ్చారో, ఎవరు రాలేదో తాండూరు నుంచి లింగంపల్లి దాకా చెప్పుకునేవారు. ఇప్పుడు అనంతగిరి అంటే హైదరాబాద్ వాళ్ళకు శనాదివారాల విడిది. మా ఇళ్ళలో మాత్రం ఆ పేరు వింటే పాత దగ్గు గుర్తొస్తుంది.

అందుకే మా పేటల వాళ్ళకు కొండ మీది ఊరు కేవలం అందం కాదు. చెవులకు విశ్రాంతి, ఊపిరితిత్తులకు గాలి, రోజూ తెరిస్తే వచ్చే నీళ్ళు. అందాన్ని పక్కన పెట్టి చూసినా ఈ కోరికకు తగినంత న్యాయం ఉంది.

అయితే ఆ అందం ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూడాలి. మహాబలేశ్వరం సముద్రమట్టానికి 1,350 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది. అరేబియా సముద్రం మీదుగా వచ్చే మబ్బు ముందుగా ఆ సహ్యాద్రి గోడకు తగిలి అక్కడే కురిసిపోతుంది. ఏడాదికి 5,500 మిల్లీమీటర్లకు పైగా వాన. కొండ దాటి తూర్పుకు వచ్చేసరికి మబ్బులో మిగిలేది కొంచెం. షోలాపూర్ వాన అందులో పదో వంతు, ఒక మంచి ఏడాది అయితే ఇంకాస్త ఎక్కువ. అక్కడి పచ్చదనమూ ఇక్కడి ఎండుదనమూ ఒకే వాన పంపకం. ఎండిన గాలికి పత్తి పోగు పెళుసెక్కి ఊరికే తెగుతుంది. అందుకే వేసవిలో మా కార్ఖానాల్లో నేల మీద నీళ్ళు చల్లుతారు. తాగే నీళ్ళే నాలుగైదు రోజులకు ఒకసారి వచ్చే ఊళ్ళో, పోగు కోసం నీళ్ళు చల్లడం అంటే ఏమిటో మా ఆడవాళ్ళను అడగాలి.

ఆ తాగే నీళ్ళు మళ్ళీ కొండలవే. భీమశంకరం దగ్గర పుట్టిన భీమా నది ఉజని ఆనకట్టలో ఆగి, అక్కడి నుంచి గొట్టాల్లో మా ఊరికి వస్తుంది. మిగిలింది పండరీపురం చుట్టి, కర్ణాటకలో నడిచి, రాయచూరు దాపున కృష్ణలో కలుస్తుంది. కృష్ణ పుట్టింది మహాబలేశ్వరంలోనే, పాత ఊళ్ళోని పంచగంగ గుడిలో రాతి గోముఖం నుంచి సన్నటి ధారగా పడుతుంది. రెండు కొండల నీళ్ళూ కలిసి మా తాతలు వదిలి వచ్చిన పాలమూరు గడ్డను తాకుతాయి. ఆ గోముఖం ముందు మొదటిసారి నిలబడినప్పుడు నాకు ఆ ఊరు పరాయిది అనిపించలేదు. బొటనవేలంత ధార చేతిలో పట్టుకుని, ఇది మక్తల్ పొలిమేర దాకా పోతుంది కదా అనుకున్నాను.

మహాబలేశ్వరాన్ని విడిదిగా కట్టింది బొంబాయి గవర్నరు జాన్ మాల్కం, 1828లో. సతారా రాజు దగ్గర ఆ స్థలం తీసుకుని, దక్కను ఎండకు జబ్బుపడే ఇంగ్లీషు సిపాయిలకు, దొరలకు చల్లని చోటుగా ఏర్పాటు చేశాడు. ఊరికి మాల్కం పేట అని పేరు కూడా పెట్టుకున్నారు. ఆ పేటలో తోటలు వేసి కూరగాయలు పండించింది ఎవరనుకున్నారు? మలయా వైపు నుంచి బందీలుగా తెచ్చిన చైనీయులు. 1830ల నుంచి సుమారు మూడు దశాబ్దాలు వాళ్ళను అక్కడి జైల్లో ఉంచి బంగాళాదుంపలు, సీమ కూరగాయలు పండింపజేశారు, రోడ్లూ వేయించారు. ఆ చలి వాళ్ళకు శిక్షలో భాగం. ఇవాళ మనం మురిసిపోయే ఆ వంపుల దారుల మీద నడిచినప్పుడల్లా నాకు ఆ పేరు తెలియని మనుషులు గుర్తొస్తారు. హాయి అనుభవించేవాళ్ళు ఒకరు, దాన్ని అమర్చిపెట్టేవాళ్ళు ఇంకొకరు. ఈ ఏర్పాటు కొండ ఊళ్ళ పుట్టుకలోనే ఉంది.

మా ఊరి పుట్టుక వేరు. ఇక్కడికి ఎవరూ చూడచక్కగా ఉందని రాలేదు. పాలమూరు, నల్లగొండ, కరీంనగరం, వరంగల్లు వైపుల నుంచి మగ్గం పని తప్ప మరో పని తెలియని పద్మశాలి కుటుంబాలు తరతరాలుగా ఇక్కడికి చేరాయి. 1877లో షోలాపూర్‌లో మొదటి నూలు మిల్లు మొదలైంది. దక్కనంతా కరువుతో అల్లాడిన సంవత్సరాలవి. జూనీ మిల్లు అని పేరుపడిన ఆ మిల్లు భోంగా కూత, తర్వాత వచ్చిన మిల్లుల కూతలు, మా ముత్తాతలకు గడియారాలు. వాళ్ళు ఊరు ఎంచుకున్న పద్ధతి ఒక్కటే: అక్కడ పడుగు ఉందా, పేక ఉందా, వారం వారం పైసలు చేతికొస్తాయా. లోయ అందం, పొగమంచు వాళ్ళ లెక్కలో లేవు. అయినా చూడండి, ఆ లెక్కతో వచ్చినవాళ్ళే ఇక్కడ మార్కండేయుడి గుడి కట్టారు, తెలుగు బడులు పెట్టారు, స్కూళ్ళు, కాలేజీలు, ఆస్పత్రి నిలబెట్టారు. శ్రావణ పున్నమినాడు మార్కండేయ రథం కదిలితే తూర్పు పేటలన్నీ రోడ్డు మీదే ఉంటాయి. నాలుగైదు తరాలు గడిచినా ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, పక్క వీధిలో కన్నడం అలాగే నడుస్తున్నాయి. అందం కోసం రాని ఊరిని వాళ్ళు ఇంతగా తమది చేసుకున్నారు.

ఉన్న ఊరిని అందంగా చేసుకోవడం కూడా ఈ నేలకు తెలుసు. ఊరి నడుమ కోట పక్కన సిద్ధేశ్వర చెరువు ఉంది. పన్నెండో శతాబ్దంలో, వచనాలు రాసిన సిద్ధరామేశ్వరుడు తన శిష్యులను, ఊరి జనాన్ని కూడగట్టి తవ్వించాడని చెప్పుకుంటారు. దేవుడి పేర భక్తి ఒక్కటే చాలదని ఆ వచనకారుడు పార పట్టించాడు. మండుటెండలో సాయంత్రం ఐదున్నరకు ఆ గట్టు మీద కూర్చుంటే నీళ్ళ మీదుగా వచ్చే గాలి ఒంటికి తగులుతుంది. షోలాపూర్‌లో చల్లగాలి అంటే మాకు తెలిసిన అసలు చిరునామా అది. మనుషులు చేతులతో చేసిన చల్లదనం.

మహాబలేశ్వరంలో ఒకసారి బస చేసిన లాడ్జి గది నాకు బాగా గుర్తుంది. రాత్రి చలి ఎముకల్లోకి దిగుతుంటే మంచం కాళ్ళ దగ్గర మడతపెట్టి ఉన్న చద్దరు లాక్కున్నాను. చేతికి తగలగానే తెలిసిపోయింది. లైటు వేసి చూశాను. ఎర్రటి నేల మీద తెల్లటి నెమళ్ళు, తిరగేస్తే తెల్లటి నేల మీద ఎర్రటి నెమళ్ళు. జకార్డు అట్టల మీద గుచ్చిన రంధ్రాల లెక్కకు పడుగు పోగులు లేచి దిగి, రెండు పొరలు ఒకదాన్నొకటి పట్టుకుని నేసిన గుడ్డ అది. ఏది పైకి, ఏది కిందికి అన్న తేడా లేదు, రెండూ ముఖాలే. కొసల్లో కుచ్చుల ముడులు. ఆ ముడులు యంత్రం వేయదు, ఏ ఇంటి గడపలోనో కూర్చున్న ఆడమనిషి వేళ్ళు వేస్తాయి. నాలుగైదు ముడులకు ఒకటి కాస్త వదులుగా ఉంది. అంచు దగ్గర రెండు పోగులు అతికినచోట సన్నటి బుడిపె. నేసినవాడు అక్కడ సాంచా ఆపి, తెగిన పోగును వేళ్ళతో నులిమి కలిపి, మళ్ళీ నడిపాడన్నమాట.

ఆ రాత్రి నేను చాలాసేపు ఆ బుడిపె మీద వేలు పెట్టుకుని ఆలోచించాను. షోలాపూర్ చద్దరు భౌగోళిక గుర్తింపు పొందిన సరుకు, మా టర్కీ టవల్ కూడా. దేశమంతా పోతాయి, దేశం దాటి పోతాయి. కానీ వాటిని నేసేవాళ్ళకు సంవత్సరంలో ఆ చద్దరు కప్పుకునే రాత్రులు కొన్నే. మే నెలలో రేకుల కింద, చొక్కా విప్పి, చెమట పోగు మీద పడకుండా భుజం మీది తువ్వాలుతో తుడుచుకుంటూ నేసిన వెచ్చదనం అది, చలి ఊళ్ళ కోసం. ఆ కొండ ఊరి హాయిలో మా పేట వాటా ఉంది. చైనా బందీల వాటా ఎలా ఉందో అలా. అప్పటి నుంచి నాకు ఆ ఊరి మీద ప్రేమ తగ్గలేదు, పైగా పెరిగింది. కానీ ఆ ప్రేమలో, చద్దరు నేసినవాడికి ఏం చెల్లుతోందన్న ప్రశ్న కూడా కలిసింది.

మా అబ్బాయి పుణెలో ఉంటాడు. మా పేటల పిల్లలు చదువుకుంటే చేరేది అక్కడికే. గత వేసవిలో వచ్చినప్పుడు అన్నాడు:

"బాపు, మీరిద్దరు ఈడ ఎండకు ఎందుకు మాడుతరు? పంచగనిల చిన్న ఫ్లాటు చూసిన. మేము ఎట్లా రెండు వారాలకొకసారి వస్తం. అమ్మకు దమ్ము కూడా తగ్గుతది."

వాడి మాటలో కల్మషం లేదు. తల్లి దగ్గు విని పెరిగిన కొడుకు అన్న మాట అది. వాళ్ళమ్మ చాటలోంచి తల ఎత్తకుండానే జవాబిచ్చింది:

"గాలి మంచిగనే ఉంటది బిడ్డా. పొద్దుగాల లేసి ఎవలింటి ముందట నిలవడి మాట్లాడాలె? బతుకమ్మ ఎవలతోని ఆడాలె? నాకు రాత్రిపూట దమ్మొస్తే మీ చిన్నమ్మ ఉరికొస్తది. ఆడ ఎవలొస్తరు?"

వాడు ఏమీ అనలేదు. నేనూ అనలేదు. కానీ ఆమె అడిగిన దానిలో నాకు ఊరు ఎంచుకునే అసలు కొలత కనిపించింది. రాత్రి ఒంటిగంటకు తలుపు కొడితే తీసేవాళ్ళు ఎందరున్నారో అదీ ఊరు. కిటికీలోంచి ఏం కనిపిస్తుందన్నది ఆ తర్వాతి మాట.

కొండల్లో పుట్టినవాళ్ళే దీనికి సాక్ష్యం. ఉత్తరాఖండ్‌లో వలసల మీద ఆ రాష్ట్రం ఒక కమిషనే వేసింది. 2011 తర్వాత 700కు పైగా ఊళ్ళు మనిషన్నవాడు లేకుండా ఖాళీ అయ్యాయని 2018లో ఆ కమిషన్ చెప్పింది. మనం బొమ్మల్లో చూసి ఆశపడే హిమాలయాల వాకిళ్ళు అవి. మంచు శిఖరం ఎదురుగానే ఉంది, బడి లేదు, దవాఖాన లేదు, కూలి లేదు. పిల్లలు డెహ్రాడూన్‌కో ఢిల్లీకో దిగిపోయారు. కింది నుంచి పైకి పోవాలనుకునేవాళ్ళూ, పై నుంచి కిందికి దిగక తప్పనివాళ్ళూ దారిలో ఒకరికొకరు ఎదురుపడుతున్నారు.

పనితో సహా కొండెక్కినవాళ్ళ కథ ఇంకో రకం. హిమాచల్‌లో కులూ శాలువాల మీద ఈనాడు కనిపించే రంగురంగుల అంచులు, 1940లలో బుషహర్, కిన్నౌర్ వైపు నుంచి అక్కడికి చేరిన నేతగాళ్ళు తెచ్చినవంటారు. 1944లో భుట్టి అనే ఊళ్ళో నేతగాళ్ళ సహకార సంఘం పుట్టింది. భుట్టికో పేరుతో ఇప్పటికీ నడుస్తోంది. వాళ్ళూ మా తాతల్లాంటివాళ్ళే. మగ్గం వెంట తెచ్చుకున్నారు కాబట్టి ఆ లోయలో వేళ్ళూనారు. మా ఊరి బిడ్డ ద్వారకానాథ్ కోట్నీస్ కూడా కొండలకే వెళ్ళాడు. 1910లో షోలాపూర్‌లో పుట్టిన ఆ డాక్టరు 1938లో భారత వైద్య బృందంతో చైనా వెళ్ళి, వూతాయ్ కొండల ప్రాంతంలో బెథూన్ అనే డాక్టరు పేరిట నడిచిన యుద్ధ ఆస్పత్రికి పెద్దగా పనిచేసి, 1942లో 32 ఏళ్ళకే అక్కడే కన్నుమూశాడు. ఆ కొండలు ఎంత అందమైనవో తెలియదు గానీ, ఆయన కళ్ళు మాత్రం గాయపడిన మనుషుల మీదే ఉండి ఉంటాయి. చైనా నుంచి పెద్దవాళ్ళు వస్తే ఆయన ఇంటివాళ్ళను పలకరించి వెళ్ళే ఆనవాయితీ చాలా ఏళ్ళు నడిచింది. వెళ్ళిన చోటికి ఆయన అవసరమయ్యాడు, అందుకే ఆ చోటు ఆయన్ను తనవాణ్ణి చేసుకుంది.

అందరూ ఒకేసారి ఎక్కితే కొండ మోయలేదన్నది ఎలాగూ తెలిసిన సంగతే. 2001లోనే మహాబలేశ్వరం, పంచగని ప్రాంతాన్ని పర్యావరణపరంగా సున్నితమైన మండలంగా కేంద్రం ప్రకటించింది. 2014 జూలై 30న భీమశంకరం కొండల దాపున మాళిణ్ అనే ఆదివాసీ ఊరు కొండచరియ కింద పడి సుమారు 150 మంది పోయారు. మా కుళాయిలోకి వచ్చే నీళ్ళు పుట్టే కొండలవి. అక్కడ తవ్వే ప్రతి కొత్త పునాదీ, నరికే ప్రతి వాలూ మా ఇంటి వ్యవహారమే.

మరి మా వాళ్ళ దగ్గుకు, చెవుడుకు, దాహానికి ఏమిటి దారి? దీనికి నాకు ధైర్యం ఇచ్చినది ఒక పాత వైద్య ప్రయోగం. 1956లో మద్రాసులో క్షయ చికిత్సా కేంద్రం ఒకటి మొదలైంది. భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి కలిసి నడిపాయి. పేద రోగుల్లో కొందరిని శానిటోరియంలో ఉంచి మంచి తిండి, విశ్రాంతి, మందులు ఇచ్చారు. మరికొందరికి వాళ్ళ ఇరుకు ఇళ్ళలోనే, వాళ్ళు తినే తిండితోనే, అవే మందులు ఇచ్చారు. 1959లో ఫలితం అచ్చయింది. ఏడాది తిరిగేసరికి ఇంట్లో ఉన్నవాళ్ళు కూడా దాదాపు అంత బాగానూ కోలుకున్నారు. ఇంట్లో మిగతావాళ్ళకు అంటుకునే ముప్పు కూడా పెరగలేదు. ప్రపంచమంతా క్షయకు ఇంటి దగ్గరే మందు ఇచ్చే పద్ధతికి దారి తీసింది ఆ ప్రయోగం. రోగిని కొండకు మోసుకుపోవడం కాదు, మందును వాడకు మోసుకురావడం అసలు పని అని తేలింది. అనంతగిరి గుట్ట వైపు ఆశగా చెయ్యి చూపించిన మా పెద్దలకు ఆ కబురు ముందే తెలిసి ఉంటే ఎంతమంది తమ ఇళ్ళలో, తమ వాళ్ళ మధ్య ఉండి బతికేవారో.

షోలాపూర్ ఆడవాళ్ళు ఇటువంటి పని ఒకటి చేసి చూపించారు కూడా. రేకుల గదుల్లో, కిరాయి కొట్టాల్లో బతుకుతున్న బీడీ కార్మికులు సంఘంగా కూడి, నరసయ్య ఆడం మాస్టర్ నాయకత్వంలో ఏళ్ళ తరబడి పోరాడి, కుంభారి దగ్గర 10,000 ఇళ్ళ కాలనీ సాధించుకున్నారు. 2006లో ఆనాటి ప్రధాని మన్మోహన్ సింగ్ చేతుల మీదుగా తాళాలు అందాయి. దానికి గోదూతాయి పరుళేకర్ పేరు పెట్టుకున్నారు. 1940లలో ఠాణా జిల్లా అడవుల్లో వార్లీ ఆదివాసుల మధ్యకు వెళ్ళి వాళ్ళతోపాటు బతికిన మనిషి ఆమె. ఆ తర్వాత అసంఘటిత కార్మికులకు రేనగర్‌లో 30,000 ఇళ్ళ పథకం వచ్చింది, 2024 జనవరిలో ప్రధాని మోదీ మొదటి 15,000 ఇళ్ళు అప్పగించారు. బోడి నేల మీద లేచిన ఊళ్ళు ఇవి. లోయ లేదు, జలపాతం లేదు. అయితే అక్కడికి ఎవరూ ఒంటరిగా పోలేదు. పక్కింటావిడ పక్కింటావిడగానే పోయింది. మా తెలుగువాళ్ళు ఇటీవల చేసిన పెద్ద వలస ఏదంటే నేను దీన్నే చెప్తాను. కొండ మీద ఫ్లాటు కొనగలిగేది మా పేటలో నూటికి ఒకరో ఇద్దరో. ఈ దారిలో నడిచింది వేలమంది.

అలాగని అక్కడ అంతా బాగుందని చెప్పను. నీడ చాలదు, ఊరికి దూరం, పని ఇంకా బీడీలదే. కానీ గోడ అవతల సాంచా మోత లేదు, రాత్రి పిల్లలు నిద్రపోతున్నారు. మా చుట్టాలావిడ ఒకరు అక్కడికి మారిన కొత్తలో, రాత్రి నిశ్శబ్దానికి భయపడి నిద్రపట్టలేదని చెప్పింది. తర్వాత అలవాటైందట.

కొండ ఊరు మనల్ని పిలిచేది ఏయే మాటలతోనో ఆ మాటలే మన పేటల్లో అడుగుదామంటున్నాను. ఇళ్ళ మధ్య ఉన్న సాంచాలను వాటికి కట్టిన పారిశ్రామికవాడలకు తరలించడం, నేతగాడికి చెవులు కప్పే పరికరం, ధూళి లాగే యంత్రం కార్ఖానాదారు ఇచ్చేలా చూడడం, ఉజని నుంచి 110 కిలోమీటర్ల గొట్టం వేసిన ఖర్చుకు తగ్గట్టు రోజూ నీళ్ళు రావడం, సిద్ధేశ్వర చెరువులోకి మురుగు చేరకుండా కాపాడడం. ఇందులో కలలు కనాల్సింది ఏదీ లేదు. డబ్బూ పట్టుదలా పెడితే అయ్యేవే. పుణె చేరి సంపాదించుకుంటున్న మన పిల్లల్లో డబ్బుకు కొదవ లేనివాళ్ళు చాలామందే ఉన్నారు. కొండ మీద రెండో ఇల్లు కొనేముందు, అమ్మానాన్నలు ఉన్న మొదటి ఇంటి రేకులు తీసి చల్లని కప్పు వేయించండి. మీరు చదువుకున్న తెలుగు బడి ఆవరణలో నీడనిచ్చే చెట్లు నాలుగు కాలాలు బతికేలా నీళ్ళకు ఏర్పాటు చేయించండి.

కొండలకు వెళ్ళొద్దని ఎవరికీ చెప్పను. నేనూ వెళ్తాను, మా ఆవిడను తీసుకుని వెళ్తాను, ఆమె నాలుగు రోజులు దగ్గకుండా నిద్రపోతే సంతోషిస్తాను. ఉండిపోవడానికి మాత్రం వెళ్ళం. మీరు ఈ వేసవికి మహాబలేశ్వరం బస్సు ఎక్కేముందు ఒక్కసారి మీ పేట కార్పొరేటర్ ఇంటికి వెళ్ళి నీళ్ళ సంగతి, సాంచాల సంగతి అడిగి ఎక్కండి. ఒక్కరే కాదు, వీధిలో నలుగురిని వెంటబెట్టుకుని వెళ్ళండి.